మోకు గుర్తు

ఆయన దశదినకర్మ కార్డు నేనే కంపోజ్ చేశాను. కోరుట్ల బస్టాండ్ దగ్గర ఆయన షాపులోనే, ఖాళీగా ఉన్న ఆయన కుర్చీ పక్కన నా పాత స్టూలు వేసుకుని. కార్డులో పేరు ఉంది. ఇక్కడ మాత్రం రాయను. ఆయన ఉన్నన్నాళ్లు పేరు పెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు రాస్తే వేరే ఎవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది.

మా వైపు ఇట్లాంటి కార్డు మీద పైన నడుమ ఒక గుర్తు వేస్తారు. కొందరు ఓం అంటారు, కొందరు సిలువ అంటారు. కల్లు గీసే ఇళ్లలో మోకు వేయమని అడుగుతారు. మోకు అంటే తాటిచెట్టు ఎక్కే మనిషి తన నడుమునూ చెట్టు మానునూ కలిపి చుట్టుకునే తాడు. పైకి పోయాక దాని మీదే వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి పని చేసుకుంటాడు. ఆయన భార్య షాపు గుమ్మంలో నిలబడి, "మీ కాక గీసిన మోకు పెట్టు బిడ్డా" అంది. ఆమెను నేను చిన్నమ్మా అంటాను.

ఫైలు తెరిచాను. తెర మీద పెద్దగా ఉన్నంతసేపు బాగానే ఉంది. కార్డు కొలతకు తగ్గించి ప్రింటు తీస్తే చెట్టు, తాడు, మనిషి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నల్లని మరక వచ్చింది. కాగితం మార్చి ఇంకోసారి తీశాను. అదే మరక. చిన్నమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, "పురుగు లెక్క కొడుతున్నది. ఇడిసిపెట్టు తియ్" అంది.

ఆ జాగా ఖాళీగానే అచ్చయింది. ఊళ్లో ఇంతమంది కార్డుల మీద గుర్తులు పెట్టిన మనిషికి తన కార్డు మీద పెట్టడానికి గుర్తు లేకపోయింది.

నేను ఆ షాపులో డిగ్రీ అయ్యాక చేరాను. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడే పని ఉండదనుకున్నాను. మొదటి రోజు "సార్" అని పిలిస్తే ఆయన మౌస్ వదిలేసి నావైపు తిరిగాడు.

"సారంటె బడి యాదికొస్తది. బడి యాదికొస్తె దెబ్బలు యాదికొస్తయి. కాకా అను."

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నా సంచిలోంచి లైబ్రరీ పుస్తకం జారి పడింది. దాన్ని తీసి, తెరవకుండానే అట్ట మీద అక్షరాలను వేలితో తడిమి చూశాడు. "గీ ఫాంటు ఏసినోడు దమ్మున్నోడు" అని పుస్తకం నా చేతికిచ్చాడు. లోపల ఏముందో అడగలేదు. ఆ రోజు నుంచి నేను ఆయనకు పంతులమ్మను.

బొమ్మ గీయాలనుకుంటే ముందు ఫ్యాను బంద్ చేసేవాడు, కాగితాలు ఎగురుతాయని. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ నిలబడేవారు. చెడిపోయిన జిరాక్సు కాగితాల వెనక పెన్సిలుతో గీసి, తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు. ఎక్కించేటప్పుడు బొమ్మతో మాట్లాడేవాడు. కల్లు పట్టే లొట్టి కుండ గీస్తూ, "ఏందిరా, గింత పొట్ట? జర లోపలికి గుంజు" అనేవాడు. అది గుంజుకున్నాక "ఆఁ, గట్ల" అనేవాడు.

గుర్తు చిన్నగా ఉన్నప్పుడు ఎట్లా కనిపిస్తుందో చూడటానికి ఆయనకొక పద్ధతి ఉండేది. కంప్యూటర్‌లో తగ్గించి చూడొచ్చు. ఆయనకు దాని మీద నమ్మకం లేదు. ప్రింటు కాగితం నా చేతికిచ్చి, గోడకు ఆనించి పట్టుకోమని, తాను వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్టు దిగి, మోరీ దాటి, రోడ్డు నడిమికి పోయేవాడు. అక్కడి నుంచి ఒక కన్ను మూసి చూసేవాడు. ఆటోలు హారన్ కొట్టేవి.

"ఓ కాకా, సస్తవే!"

"నువ్వు సూసుకుంట నడుపు. నేను సూసుకుంటనే నిలబడ్డ."

నేను సిగ్గుతో కాగితం వెనక ముఖం దాచుకునేదాన్ని. "పంతులమ్మా, కాయితం కిందికి దించు, నీ మొకం గాదు చూసేది" అని రోడ్డు మీద నుంచే అరిచేవాడు.

ఈ గుర్తుల పని ఆయనకు ఎవరూ అప్పజెప్పింది కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే తెలుగు ఫాంటు ఒకటి ఉంది. మా షాపులో పెళ్లికార్డుల నుంచి ఫ్లెక్సీల దాకా అన్నీ దాంతోనే చేసేవాళ్లం. దాన్ని తయారుచేసేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, ఒకరినొకరు చూసుకున్నారో లేదో కూడా తెలియదు. మీ ఊళ్లలోని పనుల గుర్తులు గీసి పంపండి, బాగుంటే ఫాంటులో చేర్చుకుంటాం అని వాళ్లు ఒకసారి రాశారు. అంటే అక్షరం టైపు చేసినట్టే గుర్తునూ టైపు చేయొచ్చు. ఫొటో అయితే పెద్దగా లాగినప్పుడు పగిలిపోతుంది. ఫాంటులో ఉన్న గుర్తును గోడంత చేసినా అంచు చెదరదు. వాళ్లు రాసింది ఇంగ్లీషులో ఉంటే నేనే చదివి చెప్పాను. ఆయన చాలాసేపు సోంపు నములుతూ కూర్చున్నాడు.

"ఇన్నేండ్ల సంది పుక్యానికి వాడుకుంటున్నం. మనం గూడ ఒకటన్న పెట్టాలె గదనే" అన్నాడు.

అట్లా మొదలైంది. ముందు కల్లు లొట్టి, తర్వాత బీడీల కట్ట, తర్వాత మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె. గీసినదాన్ని షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు. ఆధార్ జిరాక్సు చేతికివ్వకుండా పట్టుకుని, "ముందుగాల ఇదేందో జెప్పు" అనేవాడు. బీడీల కట్ట చూసి ఒకామె పటాకుల డబ్బా అంది. ఆమె తానే బీడీలు చేసే మనిషి.

"రోజూ చేసేదే గదనే, గుర్తుపడ్తలేవా?"

"చేసేటప్పుడు ఒళ్లె ఉంటది. గోడకు అతికిస్తె ఎట్ల గుర్తువడుత?"

ఆయన కోప్పడలేదు. కట్టకు కట్టిన దారం ఇంకాస్త కనిపించేలా మార్చాడు. నాడెను కోనరావుపేట నుంచి వచ్చిన ఒక రైతు బెండకాయ అన్నాడు, పక్కనే ఉన్న సిరిసిల్ల మనిషి, "ఓయ్, గది మా నాడె! గిన్నేండ్ల సంది నేస్తున్న, బెండకాయంటవా" అని కొట్లాటకు పోయాడు. ఇద్దరికీ చాయ్ తెప్పించి, కాసేపు వాళ్ల కొట్లాట విన్నాడు. వాళ్లు పోయాక, "ఒక్కడు గుర్తువట్టిండు, ఒక్కడు పట్టలే. ఇంక సగం పని ఉన్నది" అన్నాడు. ఆ మూడు గుర్తులూ ఒకదాని తర్వాత ఒకటి ఫాంటులో చేరాయి. ప్రతిసారీ చిన్నమ్మ ఇంటి నుంచి సర్వపిండి చేసి పంపేది.

మోకును ఆయన చివరికి పెట్టుకున్నాడు. ఆయనది పెగడపల్లి దిక్కు ఊరు. వాళ్ల నాయిన తాళ్లెక్కేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన ఎప్పుడూ ఎక్కలేదు. ఎందుకని నేను అడగలేదు. అడిగే స్వభావం నాది కాదు.

గీసి పంపాక జవాబు వచ్చింది. ఎప్పటిలాగే నేను తెలుగులో చదివాను. గుర్తు చాలా బాగుంది, కానీ చిన్న సైజులో తాడు చెట్టులో కలిసిపోతోంది. చెట్టు మానుకు రెండు పక్కలా తాడును కొంచెం తుంచి సన్నని తెల్లని సందు వదిలితే, తాడు చెట్టు వెనక నుంచి తిరిగి వచ్చినట్టు తెలుస్తుంది. అట్లా మార్చిన బొమ్మ కూడా వాళ్లే పంపారు. నాకు చూడగానే నచ్చింది. ఆవగింజంత చేసినా చెట్టు చెట్టుగా, తాడు తాడుగా కనిపిస్తోంది.

ఆయన తెరకు దగ్గరగా వంగాడు. "మోకు తెంపిండ్రు గదనే" అన్నాడు.

"తెంపింది కాదు కాకా. వెనక్కి పోయినట్టు."

"నీకు గట్లనే కొడుతది. మావోళ్లకు జూపెట్టు."

నిజంగానే చూపించడానికి పోయాం. జగిత్యాలలో గీత కార్మికుల సంఘం మీటింగు ఉంటే ఫ్లెక్సీలు మా షాపులోనే వేశాం. వాటిని ఇచ్చే వంకతో నన్ను కూడా తీసుకుపోయాడు. సందు ఉన్న బొమ్మ ఒక కాగితం మీద, సందు లేనిది ఇంకో కాగితం మీద పెద్దగా, మూలకు చిన్నగా కూడా వేసుకొచ్చాడు. షామియానా కింద పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఆయన నన్ను ముందుకు తోశాడు.

"నువ్వే జూపెట్టు. నేను జూపెడితె నా మొకం చూసి మంచిగున్నది అంటరు."

సందు ఉన్న కాగితం ముందుగా పట్టుకున్నాను. ఒక ముసలాయన, మోకు ఒరుసుకుని నడుము పక్కన తోలు మొద్దుబారిన మనిషి, వంగి వేలితో ఆ తెల్లని చోటు మీద పొడిచాడు.

"గీడ తెగింది బిడ్డా. మరి మనిషి ఇంక పైన్నే ఎట్లున్నడు?"

"ఫోటో దిగుతానికి ఆగిండు" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, బొమ్మ లోపలికి పోయేలా మడిచి, ఎవరి కాళ్ల కిందా పడకుండా తన కండువా కింద పెట్టుకున్నాడు. "గిసొంటిది పది మందిల చూపెట్టద్దు" అని మెల్లగా అన్నాడు. సందు లేని కాగితం చూపిస్తే పెద్దబొమ్మకు అందరూ తలలూపారు. మూలకున్న చిన్నబొమ్మను మాత్రం ఒకాయన జెర్రి అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. రోడ్డు పనికి కొట్టేసిన తాటిచెట్లు పక్కన పొలాల్లో పడి ఉన్నాయి. వాటిని చూస్తూనే చెప్పాడు.

"మా నాయిన కొత్త మోకు చేపిచ్చుకున్నడు. ఇంక సాగలేదని గోడకు ఏలాడేసిండు. నాల్గొద్దులైనంక ఏసుకుంట అన్నడు. పాతదే ఏసుకొని పోయిండు. నేను బడికాడ ఉన్న."

కండక్టరు వచ్చి పోయాడు.

"కొత్తది గట్లనే గోడకుండె. మా అవ్వ దాన్ని మల్ల ఎవ్వలకు ఇయ్యలే. గా సందు నాతోని పెట్టియ్యకు పంతులమ్మా. వాళ్లకు మంచిగ రాయి. కోపమొచ్చినట్టు రాయకు."

మంచిగానే రాశాను. మా దగ్గర తెగిన తాడును గుర్తుగా పెట్టుకోరు, వేరే దారి చూస్తాను, అందాకా ఈ జాగా ఎవరికీ ఇవ్వకండి అని. ఫాంటులో ప్రతి గుర్తుకూ ఒక గది ఉంటుంది. ఆ గది మీ కోసం ఉంచుతాం, తొందర లేదు అని వాళ్లు జవాబు రాశారు. అప్పటి నుంచి అప్పుడప్పుడు, వేరే పనిలో ఉండగా, "పంతులమ్మా, మన జాగ ఉన్నదా? ఎవలన్న కబ్జ పెట్టిండ్రా జర చూడు" అనేవాడు. చూసి, ఉంది అని చెప్పేదాన్ని.

తాడును లావు చేశాడు. రోడ్డు మీదికి పోయి చూసి వచ్చి, "గింత లావు మోకు ఏసుకుంటె ఎక్కుడు కాదు, మోకును మోసుడే" అన్నాడు. చెట్టును సన్నగా చేశాడు. "గిది తాడి గాదు, కంక బొంగు." మనిషిని తీసేశాడు. "మనిషి లేని మోకు గోడకేసినట్టున్నది" అని, ఆ కాగితం మాత్రం నా ముందే చింపేశాడు. మిగతావేవీ ఆయన చింపలేదు.

తర్వాత నాకు సిరిసిల్లలో పని దొరికింది. చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే చోట. పోతున్నానని చెప్పడానికి రెండు మూడు రోజులు మాటలు కూడగట్టుకున్నాను. ఆయన విని, "పో మరి. గాడ గూడ గిట్ల సప్పుడు లేకుంట కూసోకు. నాడెను ఎవడన్న బెండకాయంటె కొట్లాడు" అన్నాడు. ఆ తర్వాత కూడా ఫోన్లు వచ్చేవి. కొత్త బొమ్మ పంపేవాడు. నేను ముందుకు పంపేదాన్ని. జవాబు చదివి వినిపించేదాన్ని. చిన్న సైజులో కలిసిపోతోంది. ప్రతిసారీ అదే మాట, కొంచెం మర్యాద మార్చి. "ఏం రాసిండ్రు?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. అవతల సోంపు నమిలే చప్పుడు వినిపించేది. "మల్ల చేద్దాం తియ్."

ఒక పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. ఛాతీలో నొప్పి అన్నాడట. జగిత్యాల ఆస్పత్రి దాకా కూడా పోలేకపోయారట.

కార్డు పని ముగించి సిరిసిల్ల తిరిగి వచ్చాను. డైరీలో చాలా రాశాను. ఆయన అన్న మాటలన్నీ రాశాను. చదివితే అందులో ఆయన లేడు. ఆయన మాటల కంటే వెనక్కి నడవడమే ఎక్కువ యాదికొస్తోంది.

ఒక మధ్యాహ్నం చీర అంచు గీస్తున్నాను. గళ్ల కాగితం లాంటి తెర మీద నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. ఎర్ర పేక ఒకటి అంచుకు అడ్డంగా తెగకుండా కనిపించాలి. నాకు రాలేదు. ఎంత లావు చేసినా పడుగులో మునిగిపోతోంది. మా దగ్గర పెద్ద డిజైనరు వెనక నుంచి చూసి, "పేకను గెలుకుతవేందమ్మా? అది పోయే కాడ పడుగును కిందికి దించు. పేక దానంతట అదే పైకి తేల్తది" అని తన పని మీద తాను పోయింది.

పడుగును దించాను. ఎర్ర దారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా తేలింది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు మోకు యాదికొచ్చింది. మేమంతా తాడునే పట్టుకున్నాం. వాళ్లు తాడును తుంచమన్నారు. ఆయన తుంచనన్నాడు. తాడును లావు చేశాడు, చెట్టును సన్నం చేశాడు. చెట్టు మీద ఒక్క గీత పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. మోకు చెట్టు మీదుగా పోయే చోట, దాని పైనా కిందా మానులో సన్నని తెల్లని గీత వదిలితే చాలు. సందు చెట్టుకు పడుతుంది. మోకు నిండుగా ఉంటుంది.

భోజనం మానేసి ఆయన ఫైలులోనే మార్చాను. చిన్నగా చేశాను. ఇంకా చిన్నగా చేశాను. తాడు నిలిచింది. వాలిన మనిషి నిలిచాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆయన నంబరు తెరిచి, అప్పుడు గుర్తొచ్చి ఆగిపోయాను.

కానీ ఆయన ఒప్పుకునేవాడా? అదే నన్ను తినేసింది. తాళ్లెక్కేవాళ్లకు చెట్టు కూడా తక్కువేమీ కాదు. మోకు తెగొద్దని చెట్టును కోస్తవా అని అడిగేవాడేమో. ఇట్లాంటి విషయాల్లో ఆయన ఏమంటాడో ముందుగా ఊహించగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఎదురుగా పెట్టి చూపించాలి, ఆయన రోడ్డు మీదికి పోయి రావాలి. అప్పుడే తెలిసేది.

ఆదివారం కోరుట్ల బస్సెక్కాను. షాపు తాళం తీసి ప్రింటు తీశాను. చిన్నమ్మ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చూసింది. చూపుడువేలు మోకు వెంబడి మెల్లగా జరిపింది, మనిషి నడుము నుంచి చెట్టు మీదుగా మళ్లీ మనిషి దాకా. ఎక్కడా ఆగలేదు. తర్వాత చెట్టు మీది తెల్లని గీతల దగ్గర ఆగింది.

"గీడ చెట్టును కోసినట్టున్నదేంది బిడ్డా?"

"అట్లా కోస్తేనే మోకు కనిపిస్తది చిన్నమ్మా. మీరు వద్దంటే పంపను."

బయట బస్సు ఒకటి వెనక్కి మళ్లుతోంది, ఎవరో "రానీ రానీ" అంటున్నారు.

"చెట్లు ఎట్లనో పోతనే ఉన్నయి" అంది. "మనిషి కింద పడకుంటె చాలు. పంపు."

ఆయన ఖాతా నుంచే పంపాను. వాళ్లతో మాట్లాడిందంతా ఆ పేరు మీదే. ఆయన లేడని వాళ్లకు నేను రాయలేదు, ఇంగ్లీషులో ఆ వాక్యం ఎన్నిసార్లు మొదలుపెట్టినా వేరే ఎవరి సంగతో అయినట్టు వచ్చేది. ఆ రోజు చిన్నమ్మ దగ్గరే ఉండిపోయాను. తెల్లారి షాపు తీసేసరికి జవాబు వచ్చి ఉంది. ఎప్పటిలాగే ఆయన పేరుతో, పక్కన గారు అని పెట్టి మొదలైంది.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అంది చిన్నమ్మ, చీపురు పక్కన పెట్టి.

"చాలా బాగుందని రాశారు. తాడు ఎక్కడా తెగకుండా, ఎంత చిన్నగా చేసినా స్పష్టంగా ఉందట. గది అట్లాగే ఉంచారట, చేర్చుకుంటున్నారట."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను తెర ముందే కూర్చున్నాను. కింద ఇంకొక వరుస ఉంది. దాన్ని ఆమెకు చదివి వినిపించలేదు. వాళ్లు అడిగింది మామూలుగానే, మర్యాదగానే. ఇంత సులువుగా ఉంది కదా, మీరు ముందే ఇట్లా ఎందుకు పంపలేదు అని.